పావుగంట దూరంలో ఉన్న పాప కోసం ఏ కోర్టుకు వెళ్లాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నాను. వయసు 35. 2016లో పెళ్లయింది, ఆరేళ్ల పాప ఉంది. పదకొండు నెలల క్రితం నా భార్య పాపను తీసుకుని ఆంధ్రాలో శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలోని కన్నవారింటికి వెళ్లిపోయింది. కారణం దాచను. రెండుసార్లు చెయ్యి చేసుకున్నాను. రెండోసారి పాప చూసింది. తర్వాత పెద్దమనుషులు కూర్చుని, నేను మూడు లక్షలు ఇస్తే తెంపులైపోయినట్టేనని, పాప తల్లి దగ్గరే ఉంటుందని, ఇక నాకు ఏ హక్కూ ఉండదని స్టాంపు కాగితం మీద రాయించారు. ఆ పూట మనసు బాగోక సంతకం పెట్టేశాను. లక్ష ఇచ్చాను. ఆర్నెల్లుగా పాపను చూడనివ్వడం లేదు. ఇప్పుడు శ్రీకాకుళం నుంచి మెంటెనెన్స్ నోటీసు వచ్చింది. పర్లాకిమిడిలోనే విడాకుల కేసు వేద్దామని మా ప్లీడరు గారు అంటున్నారు. బడి దగ్గర నుంచి పాపను తెచ్చేద్దామని మా అన్నయ్య అంటున్నాడు. అయిదేళ్లు దాటిన పిల్ల తండ్రికే చెందుతుందట, నిజమేనా? సంతకం పెట్టేశాను కాబట్టి నా పని అయిపోయినట్టేనా? వచ్చే నెల పాప పుట్టినరోజు. గౌను కొని బీరువాలో పెట్టాను. ఇచ్చే దారి లేదు.

జవాబు:

తమ్ముడూ, ముందు మీ అన్నయ్య మాట గురించి చెప్తాను, ఎందుకంటే అది ఈ రోజే జరిగిపోగల పని. బడి గేటు దగ్గర నుంచి పాపను ఎత్తుకురాకండి. మీరు సొంత తండ్రి కాబట్టి అది కిడ్నాప్ కాదని ఎవరైనా ధైర్యం చెప్పవచ్చు. కోర్టు ఉత్తర్వు ఏదీ లేనప్పుడు ఆ వాదన కొంతవరకు నిలుస్తుంది కూడా. కానీ తర్వాత ఏం జరుగుతుందో ఆలోచించండి. వాళ్లు హైకోర్టులో హెబియస్ కార్పస్ వేస్తారు. పాపను తీసుకురమ్మని పోలీసులు మీ ఇంటికి వస్తారు. తండ్రి చెయ్యెత్తడం ఒకసారి చూసిన పిల్ల, అదే తండ్రి తనను బడి దగ్గర నుంచి లాక్కుపోవడమూ చూస్తుంది. ఆ తర్వాత మీరు ఎంత మంచి పిటిషన్ వేసినా జడ్జిగారి ముందు మొదట కనపడేది ఆ గేటు దగ్గర దృశ్యమే. వారానికి ఒక రోజు దొరకాల్సిన పాప, కోర్టు హాలు వరండాలో గంటసేపు, ఎవరో కాపలా ఉండగా దొరుకుతుంది. నేను ఈ సరిహద్దు కోర్టుల్లో ఇలా చెడిన కేసులు చూశాను. బాగుపడింది ఒక్కటీ చూడలేదు.

అయిదేళ్ల మాట గురించి. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956లో వచ్చింది. దాని 6వ సెక్షన్ ప్రకారం బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని కూడా అక్కడే ఉంది. అయిదేళ్లు నిండగానే తండ్రికి అప్పగించాలని మాత్రం ఎక్కడా లేదు. ‘తండ్రి తర్వాత తల్లి’ అన్నచోట కూడా, తండ్రి బతికి ఉన్నంతకాలం తల్లికి హక్కు లేదని అర్థం తీయకూడదని గీతా హరిహరన్ కేసులో 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వీటన్నిటికీ పైన 13వ సెక్షన్ ఉంది. బిడ్డ క్షేమమే అన్నిటికంటే ముందు అని అది చెబుతుంది. కాబట్టి మీ పాపకు అయిదు దాటడం వల్ల మీ చేతికి కొత్తగా వచ్చిందీ లేదు, ఆమె చేతిలోంచి పోయిందీ లేదు. పాప రోజు ఎవరి దగ్గర ఎలా గడుస్తుంది, ఎవరు వండి పెడతారు, ఎవరు హోంవర్క్ చేయిస్తారు, రాత్రి జ్వరం వస్తే ఎవరు లేస్తారు అన్నదే కోర్టు చూస్తుంది.

ఇక స్టాంపు కాగితం. మన వైపు పెద్దమనుషుల్లో తెంపులు చేసుకోవడం మామూలైపోయింది, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. హిందూ వివాహ చట్టం కింద పెళ్లి కోర్టు డిక్రీతో రద్దవుతుంది. మీ కులంలో అలా విడిపోయే ఆచారం తరతరాలుగా ఉందని సాక్ష్యంతో రుజువు చేయగలిగితేనే ఆచారం ప్రకారం తెంపులు చెల్లుతాయి. ఆ వెసులుబాటు 29వ సెక్షన్‌లో ఉంది, కానీ రుజువు చేయడం అంత తేలిక కాదు. షెడ్యూల్డు తెగల వారి సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం వారికి వర్తించదు. గుణుపురం, రాయగడ వైపు నుంచి ఇది చదివే సవర, జాతాపు కుటుంబాలవారు తమ ఆచారం గురించి ప్లీడరుకు ముందే చెప్పాలి. మీ ఉత్తరాన్ని బట్టి మీకు అలాంటి ఆచారం ఉన్నట్టు కనపడలేదు. కాబట్టి ఈ రోజుకీ మీరిద్దరూ చట్టం దృష్టిలో భార్యాభర్తలే. ఆ కాగితాన్ని నమ్ముకుని ఇంకో సంబంధం చూద్దామని ఇంట్లో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రెండో పెళ్లి నేరమవుతుంది.

పాప విషయంలో ఆ కాగితం అంతకన్నా బలహీనమైనది. బిడ్డలు తల్లిదండ్రుల సొత్తు కారని రోసీ జాకబ్ కేసులో 1973లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బిడ్డ క్షేమాన్ని చూడాల్సిన కోర్టును మీ సంతకం కట్టడి చేయలేదు. తండ్రిని చూసుకునే అవకాశం పాపది, దాన్ని మీరు రాసిచ్చేయలేరు. కానీ ఆ కాగితాన్ని చించేసి ఊరుకోకండి. అవతలి ప్లీడరు దాన్ని కోర్టులో పెట్టి, ‘మూడు లక్షలకు బిడ్డను వదులుకున్నవాడు ఈ రోజు ప్రేమ అంటున్నాడు’ అంటాడు. ఆ మాట ఆయన అనేలోపే మీ పిటిషన్లో మీరే రాయాలి. ఎవరెవరు కూర్చున్నారు, ఎంతసేపు కూర్చున్నారు, ఏ మనఃస్థితిలో సంతకం పెట్టారు, ఆ తర్వాత పాపను చూడటానికి ఎన్నిసార్లు వెళ్లారు, ఏ తేదీల్లో, ఎవరు వెనక్కి పంపారు అన్నీ రాయించండి. ఇచ్చిన లక్షకు రసీదు గానీ బ్యాంకు కాగితం గానీ ఉంటే పదిలంగా దాచుకోండి.

మీ ఉత్తరంలో అసలు ముడి ఏ కోర్టు అన్నదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు మద్రాసులోనే ఉండిపోయింది. మహేంద్రతనయ నీళ్లు రెండు ఊళ్లకీ ఒకటే, గుణుపురం రైలు రెండు చోట్లా ఆగుతుంది, పిల్లనిచ్చుకోవడాలు తెచ్చుకోవడాలు ఒక్క ఏడూ ఆగలేదు. కానీ కేసు విషయానికి వస్తే ఆటోలో పావుగంట దూరం రెండు హైకోర్టుల దూరం అవుతుంది. మీకు కటక్, ఆమెకు అమరావతి. ఒక రాష్ట్రం కోర్టులోని కేసును ఇంకో రాష్ట్రానికి మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద ఢిల్లీ వెళ్లి సుప్రీంకోర్టునే అడగాలి.

మీ ప్లీడరు గారు చెప్పింది చట్టప్రకారం తప్పు కాదు. భార్యాభర్తలు చివరిసారి కలిసి కాపురం చేసిన చోట విడాకుల కేసు వేయవచ్చని హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. అదే కేసులో 26వ సెక్షన్ కింద పాప గురించి కూడా అడగవచ్చు. కానీ మీరు పర్లాకిమిడిలో వేస్తే, చిన్నపిల్లతో వేరే రాష్ట్రం కోర్టుకు తిరగలేనని ఆమె సుప్రీంకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేస్తుంది. ఇలాంటి వాటిలో సుప్రీంకోర్టు సాధారణంగా భార్య సౌకర్యాన్నే ముందు చూస్తుంది. కేసు శ్రీకాకుళం చేరేసరికి నెలలు గడిచిపోతాయి. ఆ నెలలన్నీ పాప మిమ్మల్ని చూడకుండా పెరుగుతుంది. తండ్రులు ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే, సెక్షన్ల దగ్గర కంటే ముందు క్యాలెండర్ దగ్గర. రెండేళ్లు తల్లి దగ్గర కుదురుకున్న బిడ్డను, తండ్రి ముఖం మరిచిపోయిన బిడ్డను కదిలించడానికి ఏ జడ్జీ తొందరపడరు. పడకూడదు కూడా.

పైగా విడాకులు ఏ కారణం మీద వేస్తారు? ఆమె వదిలి వెళ్లిందంటారా, దానికి రెండేళ్లు నిండాలి, మీకు పదకొండు నెలలే అయింది. క్రూరత్వం అంటారా, చెయ్యెత్తింది మీరని మీరే రాశారు. పాప కోసం విడాకులు అడగాల్సిన పనే లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద విడిగా పిటిషన్ వేయవచ్చు. దాని 9వ సెక్షన్ ప్రకారం బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తుంటే ఆ జిల్లాలో వేయాలి. పర్లాకిమిడే పాప సొంతూరని వాదించడానికి కొంత చోటుంది, కానీ పదకొండు నెలలుగా పాప అక్కడే బడికి వెళ్తోంది. ఆ వాదనతో ఏడాది పోగొట్టుకోవద్దని నా సలహా. మీరే శ్రీకాకుళం వెళ్లండి. ఎలాగూ మెంటెనెన్స్ కేసుకు అక్కడికే తిరగాలి. పిటిషన్‌తో పాటే 12వ సెక్షన్ కింద మధ్యంతర దరఖాస్తు వేయించండి. అసలు కేసు తేలేలోపు పాపను చూడటానికి, మాట్లాడటానికి అనుమతి కోరండి. మొదటి వాయిదా నుంచే ఆ దరఖాస్తు మీద వాదన నడవాలని మీ ప్లీడరుకు గట్టిగా చెప్పండి.

ఇప్పుడు చెప్పేది మీకు నొప్పిగా ఉంటుంది. రెండుసార్లు చెయ్యి చేసుకున్నానని ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు. ఈ కేసులో అన్నిటికంటే బరువైన వాక్యం అదే. సంరక్షకుడిగా అడిగే మనిషి నడవడిని చూడాలని 1890 చట్టమే చెబుతుంది. అది చిన్న సంగతి అని మీ తరఫున ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మీ భార్యకు అది చిన్నది కాదు, చూసిన పాపకు అసలే కాదు. కోర్టుకిచ్చే జవాబు కాగితం, అంటే కౌంటర్లో ‘అలాంటిదేమీ జరగలేదు’ అని ప్రమాణం చేసి అబద్ధం రాయించకండి. రేపు పాపతో జడ్జిగారు తన చాంబర్‌లో విడిగా మాట్లాడవచ్చు. ఆరేళ్ల పిల్ల ఇష్టాన్ని తుది మాటగా తీసుకోకపోయినా, భయాన్ని గుర్తుపడతారు. మీ ప్లీడరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పి, కోర్టు ముందు ఎలా పెట్టాలో ఆయనతో కూర్చుని తేల్చుకోండి. అదే సమయంలో మీ కోపానికి వైద్యం చేయించుకోండి. తాగుడు ఉంటే మానండి, డాక్టరు చీటీలు దాచుకోండి. అది కేసు కోసం ఆడే నాటకం అయితే మూడు వాయిదాల్లో బయటపడుతుంది. నిజంగా చేస్తే మీ పాపకు మీరు ఇవ్వగలిగిన అన్నిటికంటే పెద్ద భద్రత అదే. పిటిషన్లో మీ భార్య గుణం మీద బురద చల్లకండి. ఆ కాగితం పాప పెద్దయ్యాక చదువుతుంది.

ఏం అడగాలి? మొదటి రోజే ‘పూర్తి కస్టడీ కావాలి’ అని పట్టుపట్టకండి. పిటిషన్లో ఆ మాట ఉండవచ్చు, మధ్యంతర దరఖాస్తులో మాత్రం జడ్జిగారు సరేననగలిగేది అడగండి. వారంలో మూడు సాయంత్రాలు వీడియో కాల్, టైము వేసి. ఆదివారం రెండు మూడు గంటలు, మొదట ఆమె తరఫువాళ్లు ఒకరు దగ్గర ఉన్నా పరవాలేదని మీరే రాయండి. కోర్టు ఆవరణలో వద్దని అడగండి, ఖాకీలూ నల్లకోట్లూ చూసి పిల్లలు బెదిరిపోతారు. లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసు గానీ, పాతపట్నంలో నీలమణి దుర్గమ్మ గుడి లాంటి ఇద్దరికీ తెలిసిన చోటు గానీ చెప్పండి. రెండు నెలలు సాఫీగా సాగితే పగలంతా, తర్వాత ఒక రాత్రి, తర్వాత వేసవి సెలవుల్లో సగం. సంక్రాంతి ఆమెకు, రజ పండుగ మీకు, దసరా ఏడాది విడిచి ఏడాది. ఇలా మెట్లు కట్టి రాస్తే ఇతను బిడ్డ గురించి ఆలోచించాడని కోర్టుకు తెలుస్తుంది. ఇద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కు అని, దూరంగా ఉన్న తల్లిదండ్రులకు వీడియో కాల్ అవకాశం ఇవ్వాలని 2020లో యశిత సాహు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ప్లీడరు ఆ తీర్పును జత చేయవచ్చు.

రుజువులంటే పెద్ద కాగితాలే అక్కర్లేదు. పాప పర్లాకిమిడిలో ఉన్నప్పటి టీకాల కార్డు, బడి ఫీజు రసీదులు, డాక్టరు దగ్గరకు మీరు తీసుకెళ్లిన చీటీలు, ఫోన్లో తేదీలతో ఉన్న ఫొటోలు. ఒడియాలో ఉన్న ప్రతి కాగితానికీ తర్జుమా చేయించండి, శ్రీకాకుళంలో ఒడియా చదివేవారు దొరక్క వాయిదా పడటం అనవసరం. మీ ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా అయితే పాపకు ఇప్పటికే రెండూ వచ్చి ఉంటాయి. బడి మళ్లీ మారిస్తే భాష మారుతుంది, స్నేహితులు మారతారు, దానికి మీ దగ్గర ఏం జవాబు ఉందో ముందే ఆలోచించుకోండి. మీరు షాపులో ఉన్నప్పుడు పాప దగ్గర ఎవరుంటారు? మీ అమ్మగారు ఉంటే ఆవిడ ఆరోగ్యం ఎలా ఉంది? ఈ ప్రశ్న ప్రతి తండ్రినీ అడుగుతారు, చాలామంది అక్కడే తడబడతారు. కలిసినప్పుడు పాపను ‘అమ్మ నా గురించి ఏమంటోంది’ అని అడగవద్దు, ఫోన్లో రికార్డు చేయవద్దు. భార్యాభర్తల మాటల రహస్య రికార్డింగును వివాహ కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. దాన్ని పాప దాకా తీసుకెళ్లకండి.

మెంటెనెన్స్ నోటీసును పక్కన పడేయకండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 సెక్షనే ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది, 2024 జులై 1 నుంచి. ఆమె ఉంటున్న చోట వేసే హక్కు ఆమెకుంది. వాయిదాకు వెళ్లకపోతే మీ మాట వినకుండానే ఎక్స్ పార్టీ ఉత్తర్వు వస్తుంది. అలా వచ్చినా మూడు నెలల్లోపు సరైన కారణం చూపి రద్దు చేయమని అడగవచ్చు, కానీ అంతదాకా తెచ్చుకోవద్దు. 2020 నాటి రజనీష్, నేహా తీర్పు తర్వాత ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. షాపు ఆదాయం తగ్గించి రాయకండి. జీఎస్టీ కాగితమో బ్యాంకు స్టేట్‌మెంటో బయటపడిన రోజు పాప విషయంలోనూ మీ మాట నమ్మరు. ఉత్తర్వు వచ్చాక కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల వరకు జైలు ఉంటుంది, జైలుకు వెళ్లినా బాకీ తీరదు. కాపురానికి రమ్మని హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ డిక్రీ తెచ్చుకుంటే మెంటెనెన్స్ తప్పుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ డిక్రీ ఉన్నంత మాత్రాన భార్యకు భరణం పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పాప భరణానికైతే దానితో సంబంధమే లేదు.

చూపించనప్పుడు డబ్బు ఎందుకు కట్టాలన్న కోపం మీ ఉత్తరంలో లేదు, అది నాకు సంతోషం కలిగించింది. మీలాంటివాళ్లకు ఆ కోపం రావడం సహజం, కానీ పాప అన్నానికీ మీ ఆదివారానికీ ముడిపెట్టకూడదు. ఈ నెల నుంచే, ఏ ఉత్తర్వూ రాకముందే, మీకు వీలైనంత పాప పేరు రాసి ఆమె ఖాతాకు పంపండి. చేతికి నగదు ఇవ్వకండి.

వేధింపుల కేసు పెడితే ఏం చేయాలో మీరు అడగలేదు, అయినా ఒక మాట. పాత ఐపీసీ 498ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు ప్రకారం పోలీసులు ఫిర్యాదు రాగానే యథాలాపంగా అరెస్టు చేయకూడదు. నోటీసు ఇస్తే తప్పకుండా హాజరవండి. భయం ఉంటే సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిలు అడగవచ్చు.

ఇంకో నెలలో మీరిద్దరూ విడిగా ఉండి ఏడాది నిండుతుంది. అప్పుడు పరస్పర అంగీకారంతో హిందూ వివాహ చట్టం 13బి కింద విడాకులకు వేసే వీలు వస్తుంది. మీడియేషన్లో కూర్చుంటే విడిపోవడమో కలవడమో, ఏది కుదిరినా పాప గురించిన షరతులు అక్కడే రాసుకోవచ్చు. ఆర్నెల్లు ఆగాలన్న నిబంధనను తగిన సందర్భంలో కోర్టు సడలించవచ్చని 2017లో తీర్పు ఉంది. పెద్దమనుషుల ముందు రాసినదాన్నే కోర్టు మీడియేటర్ ముందు, పాపను చూసే రోజులతో సహా రాసుకుంటే అది అమలవుతుంది. దాన్ని ఎవరైనా మీరితే అదే కోర్టుకు వెళ్లి అమలు చేయించమని అడగవచ్చు. పాప విషయంలో ఏ ఉత్తర్వూ శాశ్వతం కాదు. పరిస్థితి మారితే మళ్లీ అడగవచ్చు. ఫీజుకు ఇబ్బందైతే 15100కి ఫోన్ చేయండి. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు, మిగతా మగవారికి ఆదాయ పరిమితి ఉంటుంది.

గౌను సంగతి. మీరు స్వయంగా ఆ ఇంటి గుమ్మం ఎక్కకండి. పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందే పాప పేరు మీద స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. లోపల ఒక చిన్న కార్డు పెట్టండి. అందులో కోర్టు మాట, అమ్మ మాట, ‘నిన్ను చూడనివ్వడం లేదు’ అన్న మాట రాయకండి. పాప ఒకటో తరగతి కాబట్టి తను కూడబలుక్కుని చదవగలిగేలా పెద్ద అక్షరాలతో తన పేరు రాసి, కింద ‘నాన్న’ అని రాయండి. పార్సిల్ తిరిగి వస్తే విప్పకండి. అలాగే ప్లీడరుకు ఇవ్వండి. వచ్చే ఏడాదికి గౌను ఒక సైజు పెద్దది కొనాలి.